బకెట్టు నీళ్లా, బీరువా బరువా?

విశాఖపట్నం నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ బ్యాంకులో పని చేస్తారు. సముద్రానికి దగ్గర్లో, పన్నెండేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు. ఇంట్లో భర్త, కాలేజీలో చదివే కొడుకు, 68 ఏళ్ల అత్తగారు. ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరికట, పాడుకున్న చీటీ డబ్బులో 58 వేలు పెట్టి, మొన్న సంక్రాంతికి ముందు హాల్లోనూ పక్క బెడ్‌రూమ్‌లోనూ ఉడెన్ ఫ్లోరింగ్ వేయించారు. 8 మిల్లీమీటర్ల లామినేట్ పలకలు. పాత టైల్స్ తీయకుండా వాటి మీదే పల్చటి ఫోమ్ పరిచి వేశారు. పొద్దున పెట్టెలు వచ్చాయి, మధ్యాహ్నానికి పని మొదలైంది, మర్నాటికి అయిపోయింది. మూడో రోజు వడ్రంగి వచ్చి టీవీ యూనిట్ బిగించి, తలుపు గోడకు కొట్టుకోకుండా నేలకు అయస్కాంతం స్టాపర్ కూడా పెట్టి వెళ్లాడు. బెడ్‌రూమ్‌లో బీరువా ఎప్పటి చోటులోనే నిలబెట్టారు. హాలుకీ బెడ్‌రూమ్‌కీ మధ్య గుమ్మం దగ్గర పట్టీ లేకుండా "ఒకటే నేలలా" వేసినందుకు చుట్టాలు తెగ మెచ్చుకున్నారట.

జులై ఆఖరులో హాలు నడుమ నేల లేచింది. "తాబేలు వీపులా" అని రాశారు. కాలు పెడితే దిగుతుంది, తీస్తే లేస్తుంది, టప్పుమని చప్పుడు. మరో పక్క పూజగది గడప ముందు ఏడు పలకల అంచులు ఉబ్బి కాలికి తగులుతున్నాయి. వేసినతన్ని పిలిస్తే నిలబడే చూసి, "నీళ్లు ఎక్కువ వాడుతున్నారా మేడమ్?" అన్నాడు. అత్తగారు రోజూ బకెట్టు నీళ్లలో ఫినాయిల్ కలిపి ఇల్లు తుడుస్తారు. శుక్రవారం పూజగది గడప కడిగి పసుపు రాస్తారు. ఈవిడకు అప్పటికే ఒళ్లు మండి ఉంది. "నేను చెబుతూనే ఉన్నాను, మా అత్తయ్య వింటేనా" అని అతని ముందే అనేశారు. "అదీ సంగతి. నీళ్ల డ్యామేజీకి వారంటీ రాదు" అని అతను వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి అత్తగారు ఇల్లు తుడిచే గుడ్డ ముట్టలేదు. "నా చెయ్యి పడితేనే పాడైందట" అని పక్కింటావిడతో అన్నారట. భర్త "ముందే చెప్పాను, అంతా పీకించి మళ్లీ టైల్స్ వేయిద్దాం" అంటున్నారు. ఈవిడ అడిగినవి మూడు. ఈ నేల బాగుపడుతుందా? నీళ్లు తగిలినా పాడవని రకం ఉందట, దానికి మార్చుకోవచ్చా? మూడోది ఆఖరి పేజీ అంచున అడ్డంగా రాశారు: "తప్పు నాదా, ఆవిడదా?"

మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. దాని జవాబు మీ ఉత్తరం రెండో పేజీలోనే ఉంది. అది మీరే రాశారు గానీ, కోపంలో ఉన్నారు కాబట్టి మీ కంటికి ఆనలేదు.

మీ ఇంట్లో వచ్చిన చెడు ఒకటి కాదు, రెండు. రెండూ ఒకే నెలలో బయటపడటంతో ఒకటే అనుకున్నారు. పూజగది ముందు ఒకటి, హాలు నడుమ ఇంకొకటి. ఈ రెంటికీ కారణాలు వేరు, కారకులు వేరు, మందు కూడా వేరు.

లామినేట్ పలకను అడ్డంగా కోసి చూస్తే లోపల గోధుమ రంగు ముద్ద కనబడుతుంది. అది కలప పీచును జిగురుతో గట్టిగా అదిమి చేసిన అట్ట. పైన కనబడే టేకు గీతలు కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ. దాని మీద గీతలు పడకుండా గట్టి పూత. ఆ పూత మీద నీళ్లు పడితే ఏమీ కాదు. కానీ రెండు పలకలు కలిసే చోట, ఆ సన్నటి సందులోంచి నీళ్లు లోపలికి దిగితే అట్ట తాగేస్తుంది. టీలో ముంచిన బిస్కెట్టు అంచు చూశారు కదా, అచ్చం అలాగే. పలక నడుమ మామూలుగా ఉండి, అంచులు మాత్రం గట్టులా లేస్తాయి. వేలితో రాస్తే తెలుస్తుంది. ఆరిన తర్వాత కూడా పూర్తిగా దిగదు. పూజగది గడప ముందున్న ఏడు పలకలకు జరిగింది ఇదే. అవి నీళ్లకు పోయాయి, సందేహం లేదు.

హాలు నడుమ లేచినది అది కాదు. నీళ్లకు పోయిన నేలైతే కాలు పెట్టగానే దిగి, తీయగానే లేవదు. మీరు రాసిన ప్రకారం అక్కడ పలకల అంచులు బాగానే ఉన్నాయి, అతుకులు విడలేదు, మొత్తం ముక్కకు ముక్క పైకి లేచింది. అంటే నేలకు సాగడానికి చోటు లేక నడుమ వంగింది.

దీన్ని తేలే నేల అంటారు, ఫ్లోటింగ్ ఫ్లోర్. మనకు అలవాటైన గచ్చు గానీ, మార్బుల్ గానీ, టైల్స్ గానీ సిమెంటుతో కిందికి అతుక్కుని ఉంటాయి. ఇది దేనికీ అతుక్కోదు. జిగురు లేదు, మేకు లేదు. పలకలు ఒకదాని పెదవిలో ఇంకొకటి ఇరుక్కుని గది మొత్తానికీ ఒకే చాపలా తయారవుతాయి. ఆ చాప ఫోమ్ మీద ఊరికే పడుకుని ఉంటుంది. వానాకాలంలో మన ఇళ్లలో చెక్క తలుపులు పట్టేస్తాయి కదా. చలికాలంలో సులువుగా పడే గడియ ఆగస్టులో గుద్దితే గానీ పడదు. ఈ చాప కూడా అంతే, గాలిలో చెమ్మ పెరిగితే నాలుగు వైపులా సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. అందుకే గోడల పక్కన చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆ సందు కనబడకుండా ఉండటానికే స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ. చాలామంది స్కర్టింగ్ అందానికనుకుంటారు.

మీటరు పొడవుకు ఒక మిల్లీమీటరు సాగుతుందని పనివాళ్ల మోటు లెక్క. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. ప్లాస్టిక్ స్కేలు రెండు చివరలూ పట్టుకుని కొంచెం లోపలికి నొక్కి చూడండి, నడుమ ఎంత ఎత్తు లేస్తుందో. రెండు మీటర్ల పొడవున నేల ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగి, రెండు వైపులా కదలడానికి దారి లేకపోతే, నడుమ అంగుళం ఎత్తు లేస్తుంది. మీ హాలు 20 అడుగులు, బెడ్‌రూమ్ 12. మధ్యలో తెగకుండా ఒకటే నేలలా వేశారు కాబట్టి 32 అడుగులు, దాదాపు పది మీటర్లు. చుట్టాలు మెచ్చుకున్నది దాన్నే. ఈ నేలకు గుమ్మం దగ్గర తెంపు ఉండాలి. అక్కడ టి ఆకారంలో ఒక పట్టీ వేసి, రెండు గదుల చాపలనూ విడదీయాలి. తెంపు లేకుండా పోయే పొడవు 8, 10 మీటర్లు దాటకూడదని కంపెనీల కాగితాల మీదే ఉంటుంది.

ఇక దాన్ని ఎక్కడెక్కడ మేకు వేసి పట్టేశారో చూడండి. టీవీ యూనిట్ ఈ నేల మీద కూర్చోబెట్టి గోడకు బిగించారు, అది ఒక చివర. బెడ్‌రూమ్‌లో బట్టలు నిండిన ఇనప బీరువా, అది రెండో చివర. బీరువా ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు, నేల ఇంకోవైపు సాగుతుంది. రెండు చివరలా బరువులుంటే ఎటూ పోలేదు. వీటి మధ్యలో ఆ అయస్కాంతం స్టాపర్! దాని స్క్రూ పలకలోంచి, ఫోమ్‌లోంచి, పాత టైలులోకి దిగింది. తేలాల్సిన నేలను ఒక్క స్క్రూతో స్లాబుకు కుట్టేశారు. నేను సైట్ల మీద ఉన్న రోజుల్లో ఇలాంటి నేలలు చాలా చూశాను. ఫ్లోరింగ్ వేసినవాడు సరిగ్గానే వేసి వెళ్తాడు, తర్వాత వచ్చిన వడ్రంగి మంచి మనసుతో ఒక స్టాపర్ పెడతాడు. దాని ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు.

మరొకటి. పెట్టెలు పొద్దున వచ్చి మధ్యాహ్నం పని మొదలైందన్నారు. పలకల్ని వేసే గదిలోనే, పెట్టెలు పడుకోబెట్టి, కనీసం 48 గంటలు ఉంచాలి. ఆ గాలికి అవి అలవాటు పడాలి. ఎక్కడో పొడి గోడౌన్‌లో ఉన్న సరుకును జనవరిలో, చెమ్మ తక్కువగా ఉన్న రోజుల్లో, దిగీ దిగక ముందే బిగించేశారు. ఈ నేలలకు గాలిలో తేమ 35 నుంచి 65 శాతం మధ్య ఉంటే హాయి. విశాఖలో జులై, ఆగస్టుల్లో 70 దాటడం మామూలే. అత్తగారు బకెట్టు ముట్టకపోయినా ఆ తాబేలు లేచేది.

నా మాట మీద నమ్మొద్దు, మీరే చూసుకోండి. హాల్లో ఏదో ఒక గోడ దగ్గర ఒక ముక్క స్కర్టింగ్ తీయించండి. పలక అంచుకూ గోడకూ మధ్య మీ అబ్బాయి పెన్సిల్ పెట్టి చూడండి. మామూలు పెన్సిల్ ఏడు మిల్లీమీటర్ల లావు ఉంటుంది. ఇది వానాకాలం, నేల ఇప్పటికే సాగి ఉంది కాబట్టి సందు కొంత తగ్గి ఉండటం సహజం. సగం పెన్సిల్ లావైనా మిగిలి ఉంటే ఆ గోడ దోషం కాదు. పలక వెళ్లి గోడకు ఆనుకుని ఉంటే సంగతి తేలిపోయినట్టే. నాలుగు గోడల దగ్గరా చూడండి, ప్రతిచోటా ఫోటో తీయండి. ఆ పని చేసేటప్పుడే బెడ్‌రూమ్‌లో బాత్‌రూమ్ గోడను ఆనుకున్న పలకల మీద కూడా వేలు రాసి చూడండి. అక్కడా అంచులు లేచి ఉంటే అది మూడో గొడవ, గోడలోంచి చెమ్మ వస్తోందని. అప్పుడు ముందు ప్లంబర్, తర్వాతే వడ్రంగి.

వేసినతను నిలబడే చూసి నీళ్లన్నాడని రాశారు. వంగి స్కర్టింగ్ ఎత్తి చూస్తే తన పని బయటపడుతుంది. నీళ్లు అనేస్తే వారంటీ పోతుంది, తన బాధ్యతా పోతుంది. ఆ మాట అతను పూర్తిగా అనక ముందే మీ నోటి నుంచి సాక్ష్యం వచ్చేసింది. అతను ఇంకేం వెతుకుతాడు?

ఇప్పుడు ఏం చేయొచ్చో చెబుతాను. దారులు నాలుగున్నాయి. ఏది మంచిదో మీ ఇల్లు, మీ డబ్బు, మీ ఓపిక బట్టి ఉంటుంది.

మొదటిది, ఉన్న నేలను విడిపించడం. స్కర్టింగ్ మొత్తం తీసి, గోడకు ఆనుకున్న చోటల్లా పది మిల్లీమీటర్లు కోయిస్తారు. దానికి సన్నటి బ్లేడు ఊగే కటింగ్ మెషిన్ ఉంటుంది, పలక తీయకుండానే ఉన్నచోటే కోయొచ్చు. దుమ్ము మాత్రం వంటింటి డబ్బాల్లోకి కూడా పోతుంది, తలుపులు మూసి ఉంచండి. స్టాపర్ తీసేయాలి, దాన్ని గోడకు పెట్టుకోవచ్చు. గుమ్మంలో తలుపు మూస్తే సరిగ్గా దాని కిందికి వచ్చే గీత దగ్గర నేలను కోసి టి పట్టీ వేయాలి. ఆ పట్టీని కింది టైలుకు బిగించాలి గానీ పలకలకు కాదు. ఇది దగ్గరుండి చూసుకోండి, సగం మంది పనివాళ్లు అక్కడే తప్పు చేస్తారు. టీవీ యూనిట్‌ను తీసి, నేలకు రెండు అంగుళాల ఎత్తులో గోడకు వేలాడదీస్తే మంచిది. కుదరకపోతే దాని చుట్టూ నేలను కోయాలి. ఇంతా చేస్తే రెండు రోజుల కూలి, పట్టీ ఖర్చు. లేచిన నేల ఆ క్షణమే పడుకోదు, వారం పది రోజుల్లో మెల్లగా దిగుతుంది. బండరాయి పెట్టి అదమకండి, పెదవులు విరుగుతాయి. ఇందులో చిక్కు ఏమిటంటే, నెల రోజులుగా అలా లేచి ఉంది, దాని మీద అందరూ నడుస్తున్నారు కాబట్టి కొన్ని పలకల పెదవులు ఇప్పటికే విరిగి ఉండొచ్చు. అవి మార్చాలి. అటక మీద ఒకటిన్నర పెట్టె మిగిలి ఉందని రాశారు, అదే మీ అదృష్టం. అదే రంగు మళ్లీ కొనబోతే ఒక ఛాయ తేడా వస్తుంది, అదే డిజైను దొరక్కపోవచ్చు కూడా.

పూజగది ముందున్న ఏడు పలకలు ఎలాగూ మార్చాల్సిందే. కానీ మారిస్తే ఇంకో ఆరు నెలలకు మళ్లీ ఉబ్బుతాయి. శుక్రవారం ఆగదు, గడప కడగడమూ ఆగదు. ఈ లామినేట్‌ను మొదట 1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ తయారు చేసింది. జిగురు లేకుండా పలకలు ఇరికించే పద్ధతి 1990ల్లో వచ్చింది. వాళ్ల ఇళ్లలో గడపకు పసుపు రాసే పని లేదు, ముగ్గు పెట్టే పని లేదు. పలక మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, మన ఇంటికి తగ్గట్టు దాన్ని మనమే సర్దుకోవాలి.

అందుకే రెండో దారి. నాకు మీ ఇంటికి ఇది బాగా నప్పుతుందనిపిస్తోంది, కానీ చూపుకు ఎలా ఉంటుందో మీకే తెలియాలి. హాలంతా మొదటి దారిలోనే బాగు చేయించి, పూజగది గడప ముందు రెండున్నర అడుగుల మేర మాత్రం లామినేట్ వెనక్కి తీయించేయండి. కింద పాత టైల్స్ చెక్కు చెదరకుండా ఉన్నాయి. అవి బయటపడతాయి. తేలే నేల గొప్పంతా ఇదే, కింద ఉన్నదాన్ని పాడు చేయదు. టైలుకూ చెక్కకూ ఫోమ్‌తో కలిపి ఒక సెంటీమీటరు ఎత్తు తేడా ఉంటుంది. అక్కడ వాలుగా ఉండే పట్టీ వేసి, దాని అంచున సిలికాన్ పట్టిస్తే నీళ్లు కిందికి పోవు. ఆ రెండున్నర అడుగుల్లో అత్తగారు కడుక్కోవచ్చు, పసుపు రాయొచ్చు, ముగ్గు వేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. "ఒకటే నేల" అనే అందం మాత్రం పోతుంది. వాలు పట్టీ కాలికి తగలకుండా చూసుకోవాలి, ఆవిడ వయసు 68.

మూడోది, మీరు అడిగిన నీళ్లకు పాడవని రకం. దాన్ని ఎస్‌పీసీ అంటున్నారు. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలక. 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం. ఇది నీళ్లు తాగదు, ఉబ్బదు, ఆ మాట నిజమే. షాపులో నీళ్ల గిన్నెలో ముంచి చూపిస్తారు కూడా. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, నీళ్లకు తట్టుకునేది పలక, నేల కాదు. అంచుల్లోంచి కిందికి దిగిన నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. పలకకు ఏమీ కాదు గానీ కొన్నాళ్లకు వాసన వస్తుంది. ఇది కూడా తేలే నేలే. గోడ పక్కన సందు దీనికీ వదలాలి, స్టాపర్ దీనికీ పనికిరాదు. బాల్కనీ అద్దాల తలుపులోంచి పొద్దున్నే ఎండ నేరుగా పడే చోట వేడికి సాగుతుంది కూడా. పల్చగా ఉంటుంది కాబట్టి కింద నేల సమంగా ఉండటం మరీ ముఖ్యం. రెండు మీటర్ల బద్ద పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లకు మించి పల్లం ఉండకూడదు. పాత టైల్స్ మధ్య గీతలు లోతుగా ఉంటే ముందు పూడ్పించాలి. మీరు పెట్టిన 58 వేలు పోగా ఇంకా ఎక్కువే పెట్టాల్సి వస్తుంది. ఎడతెగని వర్షాలు, తుపాన్ల ఊరు మీది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్ని ఫ్లాట్లలో అద్దాలు పగిలి హాల్లోకి నీళ్లు వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ లెక్కన చూస్తే మీ ఊళ్లో కొత్తగా వేయించేవారికి ఎస్‌పీసీయే చెబుతాను. ఇప్పటికే లామినేట్ వేసి ఉన్నవారికి, అది బాగుపడే స్థితిలో ఉంటే, అంత తొందరపడి చెప్పను. షాపువాళ్లు ఏసీ4, ఏసీ5 అని అంకెలు చెబితే అవి రాపిడికి ఎంత తట్టుకుంటుందనే లెక్క. నీళ్లతో వాటికి సంబంధం లేదు.

నాలుగోది మీవారు చెప్పేది, పీకించేయడం. "అంతా ఓడిపోయినట్టు ఉంటుంది" అని రాశారు గానీ, నిజానికి నాలుగింటిలో ఇదే చవక. కొత్త టైల్స్ అక్కర్లేదు, కింద ఉన్నవే ఉన్నాయి. స్టాపర్ స్క్రూ దిగిన టైలు ఒకటి మార్చాలేమో. పలకలు కూడా వృథా పోవు. జాగ్రత్తగా ఊడదీస్తే పెదవులు బాగున్నవి మీ అబ్బాయి గదిలో మళ్లీ వేసుకోవచ్చు. నీళ్ల బాధ లేని గది అదే కదా. మీ కోరిక హాల్లోంచి అబ్బాయి గదిలోకి మారుతుంది. అది మీకు సమ్మతమో కాదో నేను చెప్పలేను. చీటీ కట్టింది మీరు.

వేసినతని దగ్గర డబ్బు రాబట్టాలంటే, ఈసారి ఫోన్‌లో నీళ్ల మాట ఎత్తకండి. సందు ఎంత వదిలారు, గుమ్మంలో పట్టీ ఎందుకు వేయలేదు, పెట్టెలు ఎన్ని గంటలు గదిలో ఉంచారు, ఈ మూడూ ఫోటోలతో సహా వాట్సాప్‌లో రాసి అడగండి. జవాబు కూడా రాతలోనే రానివ్వండి. స్టాపర్, టీవీ యూనిట్ మీ వడ్రంగి పని కాబట్టి మొత్తం అతని మీద వేస్తే నిలవదు. ఖర్చులో సగం పెట్టుకోమనో, పని తనే ఉచితంగా చేయమనో అడగడం న్యాయంగా ఉంటుంది. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కానీ సగం డబ్బు బిల్లు లేకుండా చేతికిచ్చారు. నెలల తరబడి తిరగాలి. ఆ టెన్షన్ పడగలరో లేదో ఆలోచించుకోండి.

ఇక తుడవడం. మీ ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి ఈ నేలకు నీళ్లకన్నా ఇసుక పెద్ద శత్రువు. చెప్పుల కింద వచ్చిన సన్నిసుక గరుకు కాగితంలా పని చేస్తుంది. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి కాళ్లు తుడుచుకునే పట్టాలు వేయండి. రోజూ మెత్తటి చీపురు చాలు. తడిగుడ్డ వారానికి రెండుసార్లు, అదీ బాగా పిండినది. గుడ్డ వెళ్లిన చోట నిమిషంలో ఆరిపోవాలి, ఆరకపోతే ఇంకా పిండాలని అర్థం. ఫినాయిల్ జిడ్డు పొరలా మిగులుతుంది, మానేయండి. శుక్రవారం కల్లుప్పు కలిపే అలవాటుంటే అది కూడా తెల్ల చారలు వదులుతుంది. ఆవిరి మాప్ అసలు వద్దు. కుర్చీల కాళ్లకు ఫెల్ట్ బిళ్లలు అంటించండి.

అత్తయ్యగారి సంగతికి వస్తాను. ఏడు పలకలు ఆవిడ చేతి నీళ్లకే పోయాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఏళ్ల తరబడి అదే ఇల్లు అదే బకెట్టుతో తుడుస్తున్న మనిషికి, కింద ఉన్నది మారింది కాబట్టి తుడిచే తీరు మారాలని ఎవరైనా కూర్చోబెట్టి చూపించారా? "చెబుతూనే ఉన్నాను" అన్నారు. మీ ఉత్తరంలో ఆ చెప్పిన మాట "అత్తయ్యా, నీళ్లు ఎక్కువ పోయకండి" అని ఉంది. ఎక్కువంటే ఎంత? ఆవిడ దృష్టిలో ఆవిడ పోసేది తక్కువే అయ్యుంటుంది. ఎలా తుడవాలో ఉన్న కాగితం పెట్టెతో పాటు ఇంగ్లీషులో వచ్చి, అటక మీదికి వెళ్లిపోయింది.

ఆవిడకు సారీ చెప్పడానికి రెండు తీర్లున్నాయి. మీ మాట పడింది పరాయివాడి ముందు, కాబట్టి మీవారి ఎదుట నేరుగా చెప్పేయొచ్చు. తొందరగా తేలిపోతుంది. కాకపోతే మీవారు "ముందే చెప్పాను" అని మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం ఉంది, అప్పుడది అత్తాకోడళ్ల గొడవ నుంచి మొగుడూపెళ్లాల గొడవకు మారుతుంది. రెండోది, స్కర్టింగ్ తీసే రోజు ఆవిడను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, పెన్సిల్ ఆవిడ చేతికే ఇవ్వడం. "మీరు పెట్టి చూడండి అత్తయ్యా" అంటే చాలు. పలక గోడకు ఆనుకుని ఉంటే పెన్సిల్ దూరదు. అప్పుడు మీరు పెద్దగా మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఇందులో తిరకాసు ఏమిటంటే, మాట అన్నది నోటితో కాబట్టి, వెనక్కి తీసుకోవడం కూడా నోటితోనే జరగాలని అనుకునే మనుషులు కొందరుంటారు. మీ అత్తగారు ఎలాంటివారో మీకే తెలుసు. పూజగది ముందు టైల్స్ ఎంత మేర వదలాలో కొలత మాత్రం ఆవిడనే అడగండి. రెండున్నర అడుగులు నా అంచనా, ఆవిడ ముగ్గు సైజు నాకు తెలియదు.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. అటక మీద ఆ ఒకటిన్నర పెట్టె నిలువుగా గోడకు ఆనించి ఉంటే దించి, హాల్లో సోఫా కింద పడుకోబెట్టండి. నిలువుగా ఉంటే పలకలు వంగుతాయి, వంగిన పలక పెదవి ఎంత కొట్టినా ఇరకదు. పనివాడు వచ్చే నాటికి అవి మీ హాలు గాలికి అలవాటు పడి ఉంటాయి.